పచ్చదనానికీ ఓ రాత్రి ఉంటుంది

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి కొత్తపేట వైపు నడిచే దారిలో గానీ, ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల్లో గానీ ఏదైనా చేపల దుకాణంలో కాసేపు నిలబడితే ఒక ప్రశ్న తప్పకుండా చెవిన పడుతుంది. "మొక్కలు పెట్టినం గదా అన్నా, మల్ల ఈ పంపు ఎందుకు?" అడిగేవాళ్ళది పిసినారితనం కాదు. బడిలో నేర్చుకున్న పాఠమే వాళ్ళచేత అలా అడిగిస్తుంది. బీకరులో హైడ్రిల్లా మొక్క, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు మీద పరీక్షనాళిక, ఎండలో పెట్టగానే పైకి లేచే బుడగలు, చివర్లో నిప్పుకణిక ఉన్న పుల్ల భగ్గుమనడం. ఈ బొమ్మ వేయకుండా హైస్కూలు దాటినవాళ్ళు మనలో తక్కువ. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప పీల్చుకుంటుంది, లెక్క సరిపోయిందనుకుంటాం. కానీ ఆ బీకరును ఎండలో పెట్టారన్న సంగతి మనకు అంతగా గుర్తుండదు. పరీక్షలో దానికి మార్కులు ఉండేవి కావు మరి.

ఆ సంగతి తేల్చడానికి పెద్ద పెద్దవాళ్ళకే చాలాకాలం పట్టింది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తి ఆరిపోయాక అందులో పుదీనా మొక్కను ఉంచి, కొన్నాళ్ళకు అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలుగుతుందని చూపించాడు. అయితే ఆ ప్రయోగం ఒకసారి కుదిరేది, ఒకసారి కుదిరేది కాదు. కారణం కనిపెట్టినవాడు డచ్చి వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్. 1779 వేసవిలో అతను ఆకుల్ని నీళ్ళలో ముంచి పగలూ రాత్రీ గమనించాడు. వెలుతురు తగిలితే బుడగలు వస్తాయి, చీకటి పడితే ఆగిపోతాయి. ఆగిపోవడంతో అయిపోలేదు. చీకట్లో మొక్క కూడా మనలాగే గాలిని వాడుకుంటుంది, మనలాగే చెడగొడుతుంది. మన హాల్లో మూలనున్న అక్వేరియానికి సంబంధించి ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి లేదని నా నమ్మకం.

మా ఇంట్లో ఉన్నది మామూలు రెండడుగుల తొట్టి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఇసుకా, రాళ్ళూ పోను యాభై లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో వాలిస్‌నేరియా, హైడ్రిల్లా, ఓ ఎండుకొమ్మకు కట్టిన జావా ఫెర్న్, రాతి మీద అనుబియాస్. లైటు వేసిన మూడు నాలుగు గంటల తర్వాత దాని ముందు కూర్చుంటే కళ్ళు తిప్పుకోలేం. హైడ్రిల్లా కాడను ఎక్కడ తుంచామో సరిగ్గా అక్కడి నుంచి సన్నని బుడగల దారం ఒకటి ఎడతెగకుండా పైకి సాగుతుంది. ఆకుల అడుగున ఆవగింజంత బుడగలు అంటుకుని ఉంటాయి. ఒక్కోటి పెద్దదై, ఆకు అంచు దాకా జారి, అక్కడ ఓ క్షణం ఆగి విడివడుతుంది. నీళ్ళు ఇక పట్టలేనంత ఆక్సిజన్ తయారైతే గానీ ఆకుల మీద అలా బుడగలు కట్టవు. ఆ వేళకి చేపలకు లోటన్నదే లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా ఆ వేళకే వస్తారు. ఫొటోలూ అప్పుడే తీస్తాం. తొట్టి గురించి మన మెప్పంతా పగటి మెప్పే.

కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మా బాబాయి మాత్రం పగటి అందాన్ని లెక్కలోకి తీసుకోడు. హైదరాబాదు వచ్చినప్పుడు మా తొట్టి చూసి, "బానే ఉందిరా, తెల్లారగట్ల ఎట్టా ఉంటుందో చూశావా?" అన్నాడు. కొల్లేరు చుట్టూ, భీమవరం పక్కన చెరువు చేసే ఏ రైతునడిగినా ఇదే అంటాడు. చెరువులో సన్నని నాచు పగలంతా ఆక్సిజన్ చేస్తుంది. పొద్దు గుంకాక అదే నాచు, చేపలతోపాటు, అడుగున కుళ్ళే మేతతోపాటు ఆక్సిజన్ తినడం మొదలుపెడుతుంది. రాత్రంతా ఖర్చే తప్ప రాబడి ఉండదు. సూర్యుడు రాబోయే ముందు నిల్వ అట్టడుగుకి చేరుతుంది. పగలు మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి మరీ గండం, ఎందుకంటే చెరువు తక్కువ నిల్వతో చీకట్లోకి దిగింది. అప్పుడు చేపలు పైకి తేలి మూతులు ఆడిస్తాయి. గట్టు మీది మనిషికి అది కనబడిందంటే పరుగే. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక గోదావరి జిల్లాల నుంచి నెల్లూరు దాకా చెరువుల్లో చక్రాల ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూ ఉండటం, కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా ఉండటం మామూలైపోయింది. తెలుగునాట లక్షల మందికి ఇది బతుకుతెరువుకు సంబంధించిన జ్ఞానం. నగరంలో తొట్టి పెట్టుకున్న మనకు మాత్రం అది చేరలేదు.

నీళ్ళలో ఆక్సిజన్ ఎంత తక్కువో ఒకసారి చూడండి. మనం పీల్చే లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు గాలి నుంచి పట్టుకోగలిగేది 8 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. నీళ్ళు వేడెక్కితే అదీ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 9 ఉన్నది 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. ఇక్కడే మన ఎండాకాలం గుర్తుకు రావాలి. పైన స్లాబు కాలి, ఆఖరి అంతస్తు ఫ్లాట్లలో అర్ధరాత్రికి కూడా గోడలు చల్లబడని మే నెలలో తొట్టి నీళ్ళు 32, 33 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. నీళ్ళకు పట్టు తగ్గిన ఆ వేళే చేపకు ఆకలి ఎక్కువ, ఊపిరి వేగం ఎక్కువ. ఫిల్టరు స్పాంజిలో ఉండే బాక్టీరియాకూ వాటా కావాలి. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను విషం కాకుండా మార్చేది అవే. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేటుగా మార్చడానికి వాటికి నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. కంటికి కనబడని ఈ వాటాదారుల్ని కలుపుకోకుండా చేపల్ని మాత్రమే లెక్కపెట్టుకుంటే లెక్క తప్పుతుంది.

అయితే ఆక్సిజన్ తక్కువ కావడం ఒక్కటే చిక్కు కాదు. అది కదలదు. గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీళ్ళలో ఆక్సిజన్ పాకే వేగం దాదాపు పదివేల వంతులు తక్కువ. ఏమాత్రం కదలిక లేని నీళ్ళలో, ఉపరితలాన కలిసిన ఆక్సిజన్ తనంతట తాను ఒక్క అడుగు లోతుకు చేరాలంటే నెలలు పడుతుంది. చక్కెర వేసి కలపని టీ గ్లాసు లాంటిదే నిశ్చలంగా ఉన్న తొట్టి, కాకపోతే తీపి ఇక్కడ పైన ఉంటుంది. నిజానికి ఏ తొట్టీ అంత నిశ్చలంగా ఉండదు. చేపల తోకలు కదుపుతాయి, వేడి తేడాకి నీళ్ళు కాస్త కాస్త తిరుగుతాయి. కానీ వాటితో పని జరగదు.

అందుకే బుడగల మిషను గురించి మనకున్న ఓ అపోహను కూడా వదులుకోవాలి. ఎయిర్ స్టోన్ నుంచి బుడగ బయల్దేరి అడుగు ఎత్తు దాటడానికి ఓ క్షణం పడుతుంది. ఆ క్షణంలో అది నీళ్ళకు ఇచ్చే ఆక్సిజన్ చాలా కొంచెం. అసలు మేలు వేరే చోట జరుగుతుంది. వరసగా లేచే బుడగలు అడుగునున్న నీళ్ళను తమతోపాటు పైకి లాక్కొస్తాయి, పైన పగిలి ఉపరితలాన్ని కదుపుతాయి. ఆక్సిజన్ లేని నీళ్ళు పైకొచ్చి గాలిని తాకి, కొత్త ఆక్సిజన్‌తో కిందికి దిగుతాయి. నీటికి ఊపిరి ఆడేది పైపొరలోనే. ఆ పొరకు చేరే దారిని నీటి కదలికే వేస్తుంది. ఇది అర్థమైతే ఎంత పెద్ద పంపు కొనాలి అన్న ప్రశ్న వెనక్కి పోయి, నీళ్ళు ఎటునుంచి ఎటు తిరుగుతున్నాయి అన్న ప్రశ్న ముందుకొస్తుంది.

ఆ తిరుగుడు చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు. చిటికెడు చేపల మేతను వేళ్ళ మధ్య మెత్తగా నలిపి ఫిల్టరు మూతి దగ్గర వదలండి. ఆ నలుసులు ఎక్కడిదాకా పోయాయో, ఎక్కడ ఆగాయో చూడండి. మా తొట్టిలో అవి ముందరి అద్దం వెంట చకచకా సాగి, కుడి మూలన కిందికి దిగి, ఎండుకొమ్మ వెనక్కి వెళ్ళి అక్కడే తారట్లాడేవి. సరిగ్గా ఆ చోటే జావా ఫెర్న్ ఆకుల మీద బూడిదరంగు నలకలు, సన్నటి నాచు. కొమ్మను గోడ నుంచి రెండు వేళ్ళ దూరం ముందుకు జరిపి, ఫిల్టరు మూతిని కొద్దిగా పైకి తిప్పితే ఆ మూల తేరుకుంది. గంటకు తొట్టి నీళ్ళు ఐదు నుంచి పది సార్లు ఫిల్టరు గుండా తిరగాలని ఒక వాడుక లెక్క ఉంది. యాభై లీటర్ల తొట్టికి గంటకు 250 నుంచి 500 లీటర్లన్నమాట. డబ్బా మీద అచ్చేసిన అంకె ఖాళీ పంపుది, స్పాంజి మురికి పట్టాక అందులో సగం వచ్చినా గొప్పే. అందుకే నేను అంకె కన్నా దూరపు మూలనున్న ఆకును నమ్ముతాను. అది మెల్లగా ఊగుతుంటే చాలు.

కదలిక మొక్కలకూ కావాలి. నీళ్ళలో ప్రతి ఆకునూ అంటిపెట్టుకుని కదలని నీటిపొర ఒకటి ఉంటుంది. కార్బన్ డయాక్సైడైనా, పోషకాలైనా ఆ పొరను దాటి ఆకులోకి పోవాలి. చుట్టూ నీరు పారుతుంటే ఆ పొర పలచబడుతుంది, మేత త్వరగా అందుతుంది. అనుబియాస్ పశ్చిమాఫ్రికా వాగుల పక్కన రాళ్ళను పట్టుకుని పెరిగే మొక్క. దాన్ని తెచ్చి మూలన నిలవనీళ్ళలో పెట్టి, ఆకుల మీద నల్లటి చుక్కలు వస్తున్నాయని ఎరువు పోయడం న్యాయం కాదు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టి మొక్కలు పెంచేవాళ్ళు ఇక్కడ అడ్డుపడతారు. పైపొర కదిలితే తాము డబ్బు పెట్టి కలిపిన వాయువు గాలిలోకి పోతుందంటారు. వాళ్ళ మాటలో నిజముంది. ఆక్సిజన్ లోపలికొచ్చే గుమ్మం, కార్బన్ డయాక్సైడ్ బయటికిపోయే గుమ్మం ఒకటే. దీనికి మంచి దారి చూపినవాడు జపాన్‌కు చెందిన తకాషి అమానో. మొక్కల తొట్టిని ఒక కళగా లోకానికి పరిచయం చేసి 2015లో కన్నుమూసిన ఆయన, పగలు లైటు ఉన్నంతసేపూ నీటిని నెమ్మదిగా తిప్పి, లైటు ఆరాక గాలి అందించాలని చెప్పేవాడు. రాత్రి మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు కాబట్టి పోనివ్వడమే మేలు. సిలిండరు లేని మనలాంటి మామూలు ఇళ్ళలో ఈ తర్జనభర్జన కూడా అనవసరం. పైపొరను కదిపితే గాలిలో ఉన్నంత కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలోకీ వస్తుంది. మిట్టమధ్యాహ్నానికి మొక్కలు ఉన్నదంతా వాడేసుకున్న తొట్టికి అదీ లాభమే. మరీ ఎగిసిపడేలా కదపక్కర్లేదు. పొడవు రెక్కల బెట్టా చేప ప్రవాహంలో ఈదలేక అలిసిపోతుంది. ఉపరితలం ముడతలు పడుతుండాలి, చప్పుడు చేయకూడదు. నా తూకం అది.

బెట్టా ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. బెట్టా, గౌరామి లాంటి చేపలకు తల లోపల గాలి పీల్చే అర ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గుక్కెడు గాలి మింగుతాయి. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుదీ అదే వరం. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపప్రసాదం కోసం బారులు తీరిన వేలమంది చేతుల్లో, కాసిని నీళ్ళున్న ప్లాస్టిక్ సంచుల్లో గంటల తరబడి కొర్రమీను పిల్లలు బతికుండేది ఆ వరం వల్లనే. టెట్రాలకు, గప్పీలకు, గోల్డ్ ఫిష్‌కు అది లేదు. దుకాణదారుకు ఆ తేడా బాగా తెలుసు. చెన్నైలోని కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో వచ్చే చేపల సంచి చూడండి. మూడింట ఒక వంతే నీళ్ళు, మిగతాదంతా సిలిండరు నుంచి నింపిన ఆక్సిజన్. బస్సు కుదుపులకు నీళ్ళు కదులుతూ ఆ ఆక్సిజన్‌ను కలుపుకుంటూ వస్తాయి. అంత శ్రద్ధగా వచ్చిన చేప, ఎక్కువ మందిని కుక్కిన నిశ్చలమైన తొట్టిలో మొదటి వారంలోనే పోతే దాన్ని ఖర్మకు వదిలేయడం నాకు కష్టంగా ఉంటుంది.

ఎక్కువ మంది అన్నాను. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మొక్కలూ చేపలూ ఒకదాన్నొకటి పోషించుకునే తొట్టిని తయారుచేసి చూపించాడు. పంపు లేని తొట్టి సాధ్యమేనని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు. ఆయన పాత్ర పన్నెండు గ్యాలన్లది, సుమారుగా మన రెండడుగుల తొట్టంత. అందులో వాలిస్‌నేరియా మొక్క, కొన్ని నత్తలు, చేపలు మాత్రం రెండే. రెండు చిన్న గోల్డ్ ఫిష్. రెండు చేపలతో తృప్తిపడగలిగితే పంపు లేకుండా పెంచండి, నేనేమీ అనను. అదే తొట్టిలో ఇరవై వేసి వారింగ్టన్ పేరు చెప్పకూడదు.

ఇదంతా చదివి ఇంట్లో తొట్టి గురించి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్ళను సరూర్‌నగర్ చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాలనిపిస్తుంది. మన దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. సాగునీరు, తాగునీరు ఇచ్చిన చెరువు. చుట్టూ కాలనీలు పెరిగి మురుగు వచ్చి చేరాక 2003-04 ప్రాంతంలో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా దాన్ని బాగుచేయించింది. మురుగు మాత్రం ఆగలేదు. మురుగులో ఉన్న ఎరువుకు గుర్రపుడెక్క విజృంభిస్తుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు కళ్ళు చల్లబడేంత పచ్చగా ఉంటుంది. కానీ ఆ పచ్చదనం చేసే ఆక్సిజన్ ఆకుల్లోంచి పైగాలిలోకే పోతుంది, నీళ్ళలోకి కాదు. కింద నీటికి వెలుతురూ అందదు, గాలీ తగలదు. అలలు రేపాల్సిన గాలి ఆకుల మీదుగా వెళ్ళిపోతుంది. పైపొర మూసుకుపోయిన నీళ్ళలో కుళ్ళు మాత్రం ఆగకుండా ఆక్సిజన్ తింటూ ఉంటుంది. ఇంట్లో తొట్టి మీద తెట్టు కట్టినప్పుడు జరిగేది ఎకరాల కొద్దీ జరుగుతుంది. చెరువుల్లో ఏరేటర్లు, ఫౌంటెన్లు పెట్టి కాపాడుతున్నామని అధికారులు అక్కడక్కడా చెప్పడం చూస్తుంటాం. నాలాల్లో వచ్చే మురుగును కట్టడి చేయకుండా, గుర్రపుడెక్కను మొదలంటా తీయకుండా ఫౌంటెన్ ఎంత ఎత్తు ఎగిరినా చేపకు ఒరిగేది ఏమీ లేదు. చెరువు ఒడ్డున పుట్టి పెరిగిన జనం ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో గాజుతొట్టి పెట్టుకుని నీళ్ళకోసం ముఖం వాచినట్టు కూర్చుంటున్నారంటే, ఆ చెరువులు మనకు మిగల్లేదు గనకే. తొట్టిలో నేర్చుకున్న దానితో చెరువును చూడటం మొదలుపెడితే బాగుండు. రెంటికీ ఒకటే శాస్త్రం.

మన కుళాయి నీళ్ళకూ ఇదే సూత్రం ఉపయోగపడుతుంది. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్ళు కోదండాపూర్‌లో శుద్ధి అయి సాహెబ్‌నగర్ మీదుగా ఈ వైపుకు వస్తాయి. వాటిలో క్లోరిన్ ఉంటుంది. నీళ్ళొచ్చిన రోజున బకెట్లో పట్టి, చిన్న ఎయిర్ పంపుతో రాత్రంతా కదిపి ఉంచితే క్లోరిన్ గాలిలోకి పోతుంది, ఆక్సిజన్ నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళు మార్చేటప్పుడు వాటిని ఎత్తు నుంచి సన్నధారగా పోయండి. శుద్ధికేంద్రాల్లో నీటిని మెట్ల మీదుగా దూకించడమూ ఇందుకే.

ఇక కరెంటు సంగతి. పవర్ కట్ల రోజులు పోయాయి గానీ, ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలికి చెట్టుకొమ్మ తీగల మీద పడితే రాత్రిపూట రెండు మూడు గంటలు కరెంటు లేకపోవడం మన కాలనీల్లో ఇప్పటికీ ఉంది. వేడెక్కిన నీళ్ళు, చీకటి, ఆగిన పంపు, మూడూ ఒకేసారి కలిసే రాత్రులవి. పెద్ద ఫిల్టరు డబ్బా మూసుకుని ఉంటుంది గనుక లోపలి బాక్టీరియా ఉన్న కాసింత ఆక్సిజన్‌నూ వాడేసుకుని నశించడం మొదలుపెడుతుంది. అలా చాలాసేపు ఆగిన డబ్బాలోని నీళ్ళను కరెంటు రాగానే తొట్టిలోకి వదలకండి. లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్ళతోనే ఓసారి పిండి, తర్వాత ఆన్ చేయండి. కరెంటు వచ్చేలోగా ఇంకే దారీ లేకపోతే చెంబుతో తొట్టి నీళ్ళే తీసి అడుగు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోనే పోస్తూ ఉండండి. ఆ రాత్రి మేత వేయకండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకు ఈ తిప్పలు కూడా అక్కర్లేదు. మామూలు ఫ్యాను డెబ్బై వాట్లు తింటుంది. రెండడుగుల తొట్టి ఫిల్టరు పది వాట్లు మించదు, చిన్న ఎయిర్ పంపు అయిదు వాట్లు. ఈసారి ఎలక్ట్రీషియన్ ఇంటికొచ్చినప్పుడు తొట్టి లైటును ఉన్నచోటే ఉండనిచ్చి, ఫిల్టరు ప్లగ్గును మాత్రం ఇన్వర్టర్ లైనులోకి మార్పించండి.